గడియారము కొలిచినది పనినా, మాటనా?

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చి 23వ తేదీ మొదలు నడచుచున్నది. విమానములు తరగతి మీదుగా పోవునప్పుడు పాఠమొక క్షణమాగుట మా పిల్లలకు అలవాటే. అయితే ఒక విమానము ఎప్పుడు బయలుదేరెనని యడిగినచో రెండు జవాబులు గలవు. అది నిలిచిన చోటునుండి కదలిన క్షణమొకటి. దాని చక్రములు నేలను విడిచిన క్షణము మరియొకటి. వేళకు బయలుదేరినదా లేదా యని తేల్చుటకు విమాన సంస్థలు సాధారణముగా మొదటి క్షణమునే లెక్కించును. కావున ఎంత కాలము పట్టెనో చెప్పుటకు ముందు, ఏ క్షణమునుండి ఏ క్షణమువరకు కొలిచితిమో చెప్పవలెను. ఈ చిన్న సత్యమును మరచి నేను చేసిన పొరపాటే యీ వ్యాసమునకు కారణము.

గత సంవత్సరము పై తరగతి విద్యార్థులకొక పోటీ పెట్టితిని. 1 మొదలు 1,00,00,000 వరకు గల సంఖ్యల వర్గముల మొత్తమును గణించు ప్రోగ్రామును వ్రాసి, దానికి పట్టిన కాలమును చూపవలెను. ఒక బాలిక పైథాన్ భాషలో వ్రాసెను. ఒక బాలుడు తన యన్నవద్ద నేర్చిన హాస్కెల్ భాషలో వ్రాసెను. బాలుని ప్రోగ్రాము చూపిన కాలము దాదాపు సున్న. నేను వానిని మెచ్చుకొని బహుమానమిచ్చితిని. అంతట ఆ బాలిక లేచి, "మాష్టారూ, కాలము సున్నయైనచో, జవాబు తెరమీదికి వచ్చువరకు మనమంతసేపు ఎందుకు కనిపెట్టుకొని యుంటిమి?" అని యడిగెను. నాయొద్ద జవాబు లేకపోయెను.

ఆ రాత్రి చదివి తెలిసికొంటిని. హాస్కెల్ అనునది గణితములోని ప్రమేయములను ఆధారముగా గొన్న భాష. 1987లో కొందరు పండితులు దీని నిర్మాణమునకు పూనుకొనగా, మొదటి నిర్వచనము 1990లో వెలువడెను. ఫలితము అవసరమగువరకు ఈ భాష గణింపదు. "అడిగినప్పుడు చేసెదను" అని చీటి వ్రాసి యుంచును. అనవసరమైన శ్రమ తప్పుటకు ఈ పద్ధతి మేలైనదే. మా బాలుడు గడియారమును చూచి, మొత్తమునకొక పేరు పెట్టి, మరల గడియారమును చూచెను. ఆ రెండు చూపుల నడుమ జరిగినది చీటి వ్రాయుట మాత్రమే. జవాబును తెరమీద చూపుమన్నప్పుడు గాని గణనము మొదలు కాలేదు. అప్పటికే కొలత ముగిసెను.

మత్తయి సువార్త 21వ అధ్యాయములో ఇద్దరు కుమారుల యుపమానము గలదు. తోటకు పోయెదనని చెప్పినవాడు పోలేదు. పోనన్నవాడు పిమ్మట పోయెను. మాటతోనే లెక్క ముగించినవారికి మొదటివాడే మంచి కుమారుడు. నేను చేసినదియు నదే. భాష అబద్ధమాడలేదు, అడిగినప్పుడు పని చేసియే యిచ్చెను. తొందరపడినది కొలిచినవారమే.

అట్లయిన సరిగా కొలుచుట యెట్లు? మొదట, గడియారమును రెండవసారి చూచుటకు ముందే జవాబును రప్పింపవలెను. ఇందును జాగ్రత్త కావలయును. ఫలితము ఒక్క సంఖ్యయైనచో చిక్కు లేదు. అది పెద్ద జాబితాయైనచో, సామాన్యముగా రప్పించినప్పుడు పై భాగమే తయారగును. టిఫిను క్యారియరులో పై గిన్నె మూత తీసి, భోజనమంతయు చూచితిననుట వంటిది. అన్ని గిన్నెలును తెరువవలెను. రెండవది, ఒకసారి గణించిన విలువను భాష దాచియుంచవచ్చును గావున, అదే విలువను మరల కొలిచిన సున్నయే వచ్చును. మూడవది, గడచిన కాలము వేరు, యంత్రము పని చేసిన కాలము వేరు. విమాన ప్రయాణికుడు ఇల్లు విడిచినది మొదలు గడచినదంతయు ఒక లెక్క. అందులో నడచినది మరియొక లెక్క. తనిఖీ వరుసలో నిలిచిన సేపు రెండవదానిలో చేరదు. నాలుగవది, హాస్కెల్ యంత్రకాలమును పికోసెకండ్లలో, అనగా సెకండులో లక్ష కోట్లవ వంతులలో తెలుపును. అయినను యంత్రపు గడియారమునకంత సూక్ష్మత లేదు. అంకెలు పొడవైనంత మాత్రమున కొలత నిజము కాదు. కావుననే పలుమారులు నడిపి చూడవలెను.

ఇది మనకు దూరపు విద్య కాదు. ప్రమేయ భాషల వంశమునకు మూలమైన లిస్ప్ భాషను 1958లో ఆరంభించినవారు జాన్ మెకార్తీ. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున 1937లో జన్మించిన రాజ్ రెడ్డి గారు ఆయనకు శిష్యులై, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 1966లో డాక్టరు పట్టమును, 1994లో ట్యూరింగ్ బహుమానమును పొందిరి. గచ్చిబౌలిలో 1998లో వెలసిన ఐఐఐటి పాలక మండలికి ఆయన అధ్యక్షులుగా నుండిరి. శంషాబాదునుండి వలయ రహదారి మీద పోయిన ఆ విద్యాలయము సమీపముననే యున్నది.

మరునాడు తరగతిలో నా తప్పును ఒప్పుకొని, అందరి యెదుట మరల కొలిచితిమి. బాలుడు వ్రాసినది వ్రాసినట్లే నడిపినప్పుడు బాలిక ప్రోగ్రామే ముందుగా ముగిసెను. దానినే కంపైలరుతో యంత్రభాషలోనికి మార్చి నడుపగా, బాలునిదే ముందుగా ముగిసెను. ఎవరిది గెలుపు? బహుమానమును వేగమునకు గాక, ఆ బాలిక ప్రశ్నకిచ్చితిని. బాలుడే దానిని ఆమె చేతికందించెను.

ఇకమీదట మన విద్యార్థులు కాలమును వ్రాసినచోట నాలుగు సంగతులు కూడ వ్రాయవలెనని నా యభిప్రాయము: ఎచ్చటనుండి ఎచ్చటివరకు కొలిచితిమి, జవాబు చేతికి వచ్చినదా, ఎన్ని మారులు కొలిచితిమి, ఏ యంత్రముపై ఏ రీతిని నడిపితిమి. ఇవి లేని అంకెకు మార్కులు వేయరాదు.

ఉపాధ్యాయులమగు మనకును ఇందొక పాఠము గలదు. పాఠము చెప్పి ముగించిన దినముననే "అయినది" అని మనము పుస్తకములో వ్రాయుచున్నాము. విద్యార్థి దానిని స్వయముగా చేసి చూపువరకు మనయొద్ద నున్నదియు చీటియే.