మందుచీటీలో కూతురి పేరు

హెరాల్డ్ బ్రిగ్‌హౌస్ నాటకం ‘హాబ్సన్స్ చాయిస్’ను ముగ్గురు అక్కచెల్లెళ్ల ప్రేమ, పెళ్లిళ్ల చుట్టూ అల్లిన హాయైన హాస్యనాటకంగా పరిచయం చేయడం పరిపాటి. 1915లో తొలిసారి రంగస్థలమెక్కిన ఈ రచనకు అంతకన్నా అన్యాయం లేదు. ఇది మొదట జీతం గురించిన నాటకం. ప్రేమ ఆ తర్వాతి సంగతి.

కథాకాలం 1880, స్థలం ఇంగ్లండులోని సాల్‌ఫర్డ్. బూట్ల దుకాణం యజమాని హాబ్సన్ తాగుబోతు. కూతుళ్లు ముగ్గురూ జీతం లేకుండా కొట్టు నడుపుతారు. చిన్నవాళ్లిద్దరికీ సంబంధాలు చూద్దామనుకున్న తండ్రి, సొమ్ము ముట్టజెప్పాలని తెలియగానే ఆ ఊసు మానేస్తాడు. ముప్పై ఏళ్ల మ్యాగీకి పెళ్లీడు దాటిపోయిందని తేల్చేస్తాడు. ‘కన్యాశుల్కం’లో అగ్నిహోత్రావధానులు కూతుర్ని అమ్ముకున్నాడు, హాబ్సన్ కూతుళ్లను ఖర్చు లేకుండా అట్టిపెట్టుకున్నాడు. ఇద్దరి ఖాతాల్లోనూ సరుకు ఒక్కటే.

మ్యాగీ తండ్రి కొట్లోని పనివాడు విల్లీ మాసప్‌ను ఎంచుకుని, పెళ్లి మాట తానే ఎత్తి, 100 పౌన్ల అప్పుతో వేరే దుకాణం పెట్టిస్తుంది. ఆమె ప్రేమించలేదు, బేరమాడింది అనేవారికి తండ్రి ఏళ్ల తరబడి చేసిన బేరం కనిపించదు.

అసలు పరీక్ష చివరి అంకంలో ఉంది. తాగి ఆరోగ్యం చెడగొట్టుకున్న హాబ్సన్‌కు డాక్టర్ మెక్‌ఫర్లేన్ మద్యం మానమని, మ్యాగీని ఇంటికి రప్పించుకోమని చెబుతాడు. ప్రేక్షకులు నవ్వుతారు. కానీ ఆ వైద్యుడు ఒక స్త్రీ జీవితాన్ని, ఆమెను అడగకుండానే, మరొకరికి మందుగా రాసిచ్చాడు. నేటికీ ఆసుపత్రుల్లో వృద్ధులను ఇంటికి పంపేవేళ “కూతురుంది కదా” అన్న మాటతో ఎన్నో చర్చలు ముగిసిపోతాయి. ఆ కూతురి ఉద్యోగం, నడుము నొప్పి, నిద్ర ఏ కాగితం మీదికీ ఎక్కవు.

చెల్లెళ్లు ఆలిస్, విక్కీ రామంటారు. వారిని స్వార్థపరులుగా చూపి నవ్వులపాలు చేయడం నాటకకర్త లోపమే. కాదనగలగడం కూడా ఎదగడమే. మ్యాగీ వెళుతుంది, కానీ ఊరికే కాదు: వ్యాపారం విల్లీ చేతికి రావాలి, తండ్రికి వాటా తప్ప పెత్తనం ఉండకూడదు, బోర్డు మీద మాసప్ పేరు ముందుండాలి.

దీన్ని పితృభక్తి అని మెచ్చుకునేవారు నాటకాన్ని హాబ్సన్ కళ్లతో చూస్తున్నారు. సేవకు షరతు పెట్టిన కూతురు కఠినురాలు కాదు. షరతు లేని సేవను హక్కుగా ఆశించిన ఇల్లే కఠినమైనది.