పిల్లికి తిండిలోనే నీళ్లు

జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో జీవాలు మేపేవాళ్లకు ఒక జబ్బు బాగా తెలుసు. పండక్కి అమ్ముదామని కట్టేసి, గింజలు, తవుడు దండిగా పెట్టి పెంచిన పొట్టేలు ఉన్నట్టుండి మేత మానేస్తుంది. వీపు వంచి నిలబడి ముక్కుతుంది, తోక ఆడిస్తుంది, ఉచ్చ మాత్రం చుక్క రాదు. పట్టించుకోకపోతే కొద్దిరోజుల్లోనే లోపల మూత్రాశయమో నాళమో పగిలి చచ్చిపోతుంది. గింజల్లో భాస్వరం ఎక్కువ, పచ్చిమేత తక్కువ, తాగిన నీళ్లు చాలవు. చిక్కబడిన మూత్రంలో ఇసుకలాంటి రాళ్లు పేరుకుని, మగజీవానికి పుట్టుకతోనే సన్నగా ఉండే నాళంలో ఇరుక్కుంటాయి. ఆడ గొర్రెకు ఈ గతి పట్టడం అరుదు. ప్రొద్దుటూరు మేడల్లో అల్లారుముద్దుగా పెరిగే గండుపిల్లికి మూత్రం కట్టుకుపోయినప్పుడు జరిగేది కూడా చాలావరకు ఇదే. సన్నటి నాళం, ఎండు తిండి, చాలని నీళ్లు. గొర్రెల కాపరికి అర్థమైన ఈ లెక్క పిల్లిని పెంచేవాళ్లకు ఇంకా అర్థం కాలేదు. పిల్లి పక్కన నీళ్ల గిన్నె పెట్టి మన బాధ్యత తీరిందనుకుంటున్నాం. తీరలేదు. పిల్లికి నీళ్లు తిండిలోనే కలిపి పెట్టాలి. కడప జిల్లా లాంటి ఎండల సీమలో అయితే తప్పకుండా పెట్టాలి.

పిల్లి ఒంటి తీరు చూస్తే ఈ మాట ఎందుకనాల్సి వస్తోందో తెలుస్తుంది. మన పెంపుడు పిల్లి ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి అంచుల్లో తిరిగిన అడవిపిల్లి సంతతి. ఆ నేలలో వాగులూ చెరువులూ తక్కువ. అది నీళ్లు తాగి బతకలేదు, వేటను తిని బతికింది. ఎలుక ఒంట్లో మూడింట రెండు వంతులు నీళ్లే. ఆ నీళ్లతో సరిపెట్టుకోవడానికి పిల్లి మూత్రపిండాలు మూత్రాన్ని మనకంటే ఎంతో చిక్కగా పిండగలిగేలా తయారయ్యాయి. ఆ సత్తువతో పాటే ఒక బలహీనత కూడా వచ్చింది. ఒంట్లో నీళ్లు తగ్గినా పిల్లికి దాహం త్వరగా పుట్టదు. కుక్క అయితే గిన్నె వెతుక్కుని తాగి ఆ లోటు పూడ్చుకుంటుంది. పిల్లి మూత్రాన్ని ఇంకొంచెం చిక్కబరిచి ఊరుకుంటుంది. ప్యాకెట్లో వచ్చే డ్రై ఫుడ్‌లో నీళ్లు నూటికి 6 నుంచి 10 పాళ్లు మాత్రమే. పౌచ్‌లలో, డబ్బాల్లో వచ్చే తడి తిండిలో 75 నుంచి 80 పాళ్లు. నాలుగు కిలోల పిల్లి రోజుకు 60 గ్రాముల డ్రై ఫుడ్ తిన్నదనుకోండి, అందులోంచి దానికి దక్కేది ఒక చెంచాడు నీళ్లు. దాని ఒంటికి రోజుకు కావలసింది సుమారు 200 మిల్లీలీటర్లు. డ్రై ఫుడ్ తినే పిల్లి గిన్నెలో నీళ్లు ఎక్కువే తాగుతుంది, నిజమే. కానీ అన్నీ కలిపి చూస్తే తడి తిండి తినే పిల్లి ఒంట్లోకి చేరినన్ని నీళ్లు దానికి చేరవు.

అలా అని పాత పద్ధతే మేలని నేననడం లేదు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ వింటూ పెరిగిన మనకు పిల్లీ పాలూ విడదీయలేని జంట. చెనక్కాయల మూటల దగ్గర ఎలుకలు పట్టిన పిల్లికి ఇంట్లో పెట్టిన పాలన్నం, పెరుగన్నం చిరుతిండి మాత్రమే. దాని అసలు భోజనం అది బయటే చూసుకునేది. ఇప్పుడు తలుపులు మూసిన ఇంట్లో ఆ పెరుగన్నమే పూర్తి భోజనమైతే పిల్లి నిలవదు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్లు తనకు చాలినంత తయారు చేసుకోలేదు, మాంసం నుంచే తీసుకోవాలి. అది చాలకపోతే కంటిచూపు పోతుందని 1970లలోనూ, గుండె ఉబ్బి బలహీనపడుతుందని 1987లోనూ అమెరికాలో తేలింది. ఆ తర్వాతే కంపెనీలు పిల్లి తిండిలో టారిన్ పెంచాయి. పెరుగన్నంలో నీళ్లున్నాయి, మాంసం లేదు. డ్రై ఫుడ్‌లో మాంసపు సారం ఉంది, నీళ్లు లేవు. ఈ రెండో లోటును మనం ఇంట్లోనే తీర్చవచ్చు, మొదటిదాన్ని తీర్చడం కష్టం. అందుకే ప్యాకెట్ తిండిని పారేయమని చెప్పను. దాన్ని తడపమంటాను.

ఇందుకు ఆధారాలున్నాయా అని అడిగే హక్కు పాఠకులకు ఉంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1981 నుంచి పిల్లుల మూత్రాశయాల్లోంచి తీసిన రాళ్లను పరీక్షించి లెక్క రాస్తోంది. మొదట్లో నూటికి 78 రాళ్లు స్ట్రువైట్, అంటే మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసిన రాళ్లు. కాల్షియం ఆక్సలేట్ రాళ్లు నూటికి 2 మాత్రమే. స్ట్రువైట్ కట్టకుండా ఉండాలని కంపెనీలు తిండిలో మెగ్నీషియం తగ్గించి, మూత్రం పులుపెక్కేలా మార్పులు చేశాయి. స్ట్రువైట్ తగ్గింది. కానీ 2002 నాటికి ఆక్సలేట్ రాళ్లు నూటికి 55కు చేరాయి. స్ట్రువైట్ తగిన ఆహారంతో కొన్ని వారాల్లో కరిగిపోతుంది. ఆక్సలేట్‌ను కరిగించే తిండి లేదు, చాలావరకు కోసి తీయవలసిందే. ఈ ఇరవై ఏళ్ల చరిత్రలో నాకు కనిపించే సంగతి ఇది: ఖనిజాలను అటూ ఇటూ సర్దితే ఒక రాయి పోయి ఇంకో రాయి వస్తుంది, మూత్రాన్ని పలుచబరిస్తే రెండూ తగ్గే అవకాశం ఉంటుంది. ఉప్పు నీళ్లలో కరిగి ఉన్నంతసేపు గడ్డకట్టదు, నీళ్లు ఇగిరినప్పుడే పెచ్చు కడుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగు తోమే ఇల్లాలికి ఇది చెప్పనక్కర్లేదు.

రాళ్ల కంటే ఎక్కువగా కనిపించేది ఇంకోటుంది. మూత్రానికి ఇబ్బందిపడుతూ ఆసుపత్రికి వచ్చే పిల్లుల్లో సగానికి పైగా వాటిలో రాయీ ఉండదు, చీమూ ఉండదు. కారణం తేలని మూత్రాశయపు వాపు అది. చప్పుళ్లు, కొత్త మనుషులు, ఇల్లు మారడం, ఇంకో పిల్లితో పడకపోవడం లాంటి ఒత్తిడితో అది తిరగబెడుతుంది. అలాంటప్పుడు తిండిని తప్పుపట్టడం ఎందుకని కొందరు పశువైద్యులే అడుగుతారు. సరైన ప్రశ్నే. దాక్కోవడానికి చోటు, శుభ్రమైన లిట్టర్ పెట్టె, ఇంట్లో ప్రశాంతత లేకుండా తిండి ఒక్కటే మారిస్తే చాలదు. కానీ ఈ జబ్బులో కూడా నీళ్లకు విలువ ఉందని 1999లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. వాపు వచ్చి తగ్గిన 46 పిల్లుల్లో కొన్నింటికి తడిగా, కొన్నింటికి ఎండుగా, రెండూ మూత్రాన్ని పులుపెక్కించే రకం తిండే పెట్టి ఏడాది గమనించారు. ఎండు తిండి తిన్న 28 పిల్లుల్లో 11 మళ్లీ జబ్బుపడ్డాయి, తడి తిండి తిన్న 18లో రెండే పడ్డాయి. చిన్న అధ్యయనమే, దాన్నొక్కదాన్నీ పట్టుకుని ఊరేగకూడదు. అయితే పిల్లి ఒంటి తీరు, రాళ్ల చరిత్ర, ఈ ఫలితం మూడూ ఒకే వైపు చూపిస్తుంటే కాదనడానికి అంతకంటే బలమైన ఆధారం కావాలి.

మన జిల్లాలో ఎక్కువగా వినబడే అభ్యంతరం బోరు నీళ్ల మీద. కడప బండల నేల ఇది, సున్నపురాతి పొరల్లోంచి వచ్చే నీళ్లు గట్టిగా ఉంటాయి, ఆ ఉప్పునీళ్లు తాగే రాళ్లు వస్తున్నాయి, ఆర్వో నీళ్లు పెడితే చాలని అంటారు. లెక్క వేసి చూద్దాం. తాగునీటిలో గట్టిదనం లీటరుకు 600 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. అంత గట్టి నీళ్లే అనుకుని, ఆ గట్టిదనమంతా కాల్షియం వల్లే వచ్చిందనుకుంటే, లీటరులో కాల్షియం 240 మిల్లీగ్రాములు. పిల్లి రోజుకు 150 మిల్లీలీటర్లు తాగితే దానికి చేరేది 36 మిల్లీగ్రాములు. నూటికి ఒక పాలు కాల్షియం ఉన్న డ్రై ఫుడ్ 60 గ్రాములు తింటే అందులోంచి వచ్చేది 600 మిల్లీగ్రాములు. కాబట్టి బోరును తిట్టుకుంటూ కూర్చోవడం దండగ. ఆర్వో నీళ్లు రుచిగా ఉండి పిల్లి ఇంకో రెండు గుటకలు ఎక్కువ తాగితే సంతోషమే, పెట్టండి. కానీ ఆ రెండు గుటకలతో పని అయిపోదు.

రెండో అభ్యంతరం ఖర్చు. పౌచ్‌లు రోజూ కొనడం చాలా ఇళ్లకు భారమే. దానికి దారి ఉంది. 60 గ్రాముల డ్రై ఫుడ్‌కు 120 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు కలిపితే ఆ ముద్దలో నూటికి 70 పాళ్లు నీళ్లుంటాయి, ఎలుక ఒంట్లో ఉన్నన్ని. పైసా అదనపు ఖర్చు లేదు. చికెన్ ఉడికించిన నీళ్లు కొంచెం కలిపితే పిల్లి ఇష్టంగా తింటుంది. ఆ నీళ్లలో ఉప్పు, కారం, ముఖ్యంగా ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పడకూడదు. ఆ రెండూ పిల్లి రక్తకణాలను చెడగొడతాయి. వాసవీ కన్యకాపరమేశ్వరి దసరాకు పేరుపడ్డ ప్రొద్దుటూరులో మాంసం ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లకు కూడా ఇదే మేలైన పద్ధతి, ఇంట్లో మాంసం వండే పని ఉండదు. పిల్లిని కూడా శాకాహారిని చేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. కూరగాయలూ పప్పుల తిండి దాని మూత్రంలో క్షారగుణం పెంచుతుంది, స్ట్రువైట్‌కు కావలసింది అదే. సంతలో దొరికే ఉప్పుచేపలు కూడా దానికి రోజువారీ తిండి కావు.

నాకు అన్నింటికంటే బరువైన అభ్యంతరంగా తోచేది ఎండ. మేలో జమ్మలమడుగులో 43, 44 డిగ్రీలు కాస్తున్నప్పుడు తడిపిన తిండి ఎంతసేపు నిలుస్తుంది? నిలవదు. పొద్దున పెట్టి సాయంత్రం దాకా వదిలేసే అలవాటు దీంతో కుదరదు. రోజు తిండిని నాలుగు భాగాలు చేసి, పెట్టిన అరగంటలో మిగిలింది తీసేయాలి. ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో ఇది ఇబ్బందే. పొద్దున, సాయంత్రం, రాత్రి తడి తిండి పెట్టి, పగటికి మాత్రం కొంచెం డ్రై ఫుడ్ ఉంచినా ఏమీ చేయనిదానికంటే ఎంతో నయం. మార్పు కూడా నిదానంగా జరగాలి. మొదట ఒక చెంచా నీళ్లతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచాలి. ఆకలేస్తే అదే తింటుందిలే అని కడుపు మాడ్చడం ప్రమాదం. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది.

"యూరినరీ" అని రాసిన ప్యాకెట్లు దొరుకుతున్నాయి కదా, ఇంత శ్రమ ఎందుకంటారు. ఆ తిండిలో పనిచేసే రకాలున్నాయి, నేను కాదనను. కానీ అది మందులాంటిది. స్ట్రువైట్‌ను కరిగించేది ఆక్సలేట్‌ను కరిగించదు. లోపల ఉన్నది ఏ రాయో, అసలు రాయి ఉందో లేదో మూత్రం పరీక్షించి, ఎక్స్‌రేనో స్కానింగో తీసి డాక్టర్ చెప్పాక కొనవలసినది అది. దుకాణంలో చెప్పారని కొనేది కాదు.

తిండి సంగతి ఎలా ఉన్నా మూత్రం కట్టుకుపోయిన గండుపిల్లి విషయంలో మాత్రం తెల్లారనివ్వకూడదు. మాటిమాటికీ లిట్టర్ పెట్టెలోకి వెళ్లి ముక్కుతుంది, అరుస్తుంది, అక్కడ నాకుకుంటుంది. చాలామంది మలబద్ధకం అనుకుని ఆముదం పోస్తారు. మూత్రం పూర్తిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. మనుషుల రాళ్లకు వాడే కొండపిండి ఆకు కషాయం మూసుకుపోయిన నాళాన్ని తెరవదు. నొప్పికి పారాసెటమాల్ వేస్తే పిల్లి ఆ మాత్రతోనే చచ్చిపోవచ్చు. దాన్ని విరిచేసే శక్తి దాని కాలేయానికి లేదు. మత్తిచ్చి సన్నటి గొట్టం వేసి మూత్రం తీయడమే వైద్యం.

ఆ వైద్యం మనకు దగ్గరలో బాగా దొరకాలి. మన పశువైద్యం గేదెలు, ఎద్దులు, జీవాల చుట్టూ పెరిగింది, బతుకుతెరువు వాటి మీద కాబట్టి అది న్యాయమే. పులివెందులలో పశు పరిశోధన కేంద్రం వచ్చింది, 2008లో ప్రొద్దుటూరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద కళాశాల వచ్చింది. పొట్టేలు ఉచ్చ కట్టుకుపోతే ఏం చేయాలో అక్కడ చదివే పిల్లలు నేర్చుకుంటారు. పిల్లి దగ్గర కూడా సూత్రం అదే, గొట్టం మాత్రం ఇంకా సన్నం. ఆ కళాశాల ఒక చిన్న పుస్తకం పెట్టి, మూత్రపు ఇబ్బందితో వచ్చిన ప్రతి పిల్లికీ ఏ నెలలో వచ్చింది, ఏం తింటోంది, తిండిలో నీళ్లు కలుపుతున్నారా, తీసిన రాయి ఏ రకం అని రాసుకుంటే బాగుంటుంది. మిన్నెసోటా లెక్కలు పరాయి దేశాల పిల్లులవి. పెన్నా ఒడ్డున ఏప్రిల్, మే నెలల ఎండలో ఇంటి నాలుగు గోడల మధ్య బతికే పిల్లుల లెక్క ఐదేళ్లపాటు రాస్తే, మన వేసవిలో ఒక పిల్లికి ఎన్ని చెంచాల నీళ్లు కలపాలో మన డాక్టరే మనకు చెప్పగలుగుతారు.