జాకీ మీద వదిలేసి తవక్కుల్ అంటారా?



మామిడి సీజన్ వచ్చిందంటే ఉంగుటూరు చుట్టుపక్కల రోడ్ల మీద ఛోటా హాథీలకు తెరిపి ఉండదు. నూజివీడు తోటల కాయ వేసుకుని హైవే ఎక్కడానికి ఒకటే పరుగు. మొన్న అలాంటి బండి ఒకటి రోడ్డు వారన ఆగి ఉంది. ట్రేలు దించలేదు. వెనక ఇరుసు కింద బాటిల్ జాకీ, జాకీ కింద మెత్తటి మట్టి. బండి కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. ఆ షాగిర్దుకు పదహారేళ్లు ఉంటాయేమో.

"స్టాండు ఏది ఉస్తాద్?" అని అడిగాను. ఆయన నవ్వేశాడు. "అల్లాహ్ ఉన్నాడు భాయ్, ఏం కాదు. తఖ్దీర్‌లో రాసి ఉంటే స్టాండు పెట్టినా ఆగదు."

నా గుస్సా ఆ మనిషి మీద కాదు, ఆ మాట మీద. ఇది ఈమాన్ కాదు. గఫ్లత్‌కు షేర్వానీ తొడిగి ఈమాన్ అని పేరు పెట్టడం.

ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయాలా, వదిలేసి చేయాలా అని అడిగిన మనిషికి మన ప్రవక్త (స) ఏం చెప్పారో మక్తబ్‌కు వెళ్లే పిల్లవాడికీ తెలుసు. ముందు కట్టమన్నారు, ఆ తర్వాతే తవక్కుల్. తిర్మిజీలో ఉన్న హదీస్ ఇది. ఉహుద్ మైదానానికి ఆయనే స్వయంగా కవచం తొడుక్కుని వెళ్లారు. ఆయన కంటే మన తవక్కుల్ పెద్దదా? ఒంటెకు తాడు ఎలాగో, లేపిన బండికి స్టాండు అలాగ.

జాకీ ఉన్నది బండిని లేపడానికే, మోయడానికి కాదు. ఆయిల్ జాకీ లోపల అంత బరువునూ ఆపుతున్నది ఒక చిన్న సీలు. అది అరిగిందంటే ఆయిల్ జారుతుంది, బండి కిందికి దిగుతుంది. కారుతో వచ్చే స్క్రూ జాకీకి ఆయిల్ ఉండదు గానీ దాని పాదం అరచేయంత. నేల కుంగినా, బండి కాస్త కదిలినా పక్కకు ఒరుగుతుంది. ఆల్టో లాంటి చిన్న కారే దాదాపు 700 కిలోలు. కాయతో నిండిన ఛోటా హాథీ టన్నున్నర దగ్గర ఉంటుంది. పక్కటెముకలు దాన్ని ఆపలేవు.

"ముప్పై ఏళ్ల తజుర్బా నాది, ఎప్పుడూ జారలేదు" అంటారు కొందరు ఉస్తాదులు. మాషా అల్లాహ్. కానీ జారినవాడు వచ్చి తన తజుర్బా చెప్పడు కదా! "ఇటుకలు పెట్టాంగా" అంటారు ఇంకొందరు. సిమెంటు ఇటుక ముందుగా చెప్పి విరగదు, ఒక్కసారిగా పొడి అవుతుంది. ఇక ఖర్చు మాట. ఒక జత స్టాండ్లు మంచి టైరు ఖరీదు కూడా చేయవు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. సరుకు దించండి. బండిని గట్టి, చదును నేల మీదికి తీసుకురండి. మట్టి తప్పకపోతే జాకీ కింద మందపాటి చెక్క వేయండి. గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. చాలా బండ్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక భాగం మొత్తం లేపితే అది ఉన్నా లేనట్టే. టైరు విప్పాలంటే నట్లు లేపకముందే కొంచెం వదులు చేయండి. లేపాక స్టాండ్లను ఛాసిస్ కిందో, ఇరుసు కిందో గట్టి చోట పెట్టి, పిన్ను సరిగా పడిందో లేదో చూసి, బరువును మెల్లగా వాటి మీదికి దించండి. చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదలకపోతేనే బిస్మిల్లా అని కిందికి దూరండి. రోడ్డు మీద స్టాండు లేదా? స్టెప్నీ మార్చుకోండి, కిందికి మాత్రం దూరవద్దు. కింద పని ఉంటే షెడ్డుకు తీసుకెళ్లండి.

విజయవాడ ఆటోనగర్ నుంచి పల్లెటూరి షెడ్ల దాకా మన పిల్లలు ఎందరో ఈ పనిలో హలాల్ రోజీ సంపాదిస్తున్నారు. ఉస్తాద్ చేతిలో పెట్టిన బిడ్డ అమానత్. అమానత్‌ను జాకీ కింద పెట్టి తఖ్దీర్‌ను సాక్ష్యానికి పిలవడం ఖియానత్. అమ్మీలారా, అబ్బాలారా! జీతం ఎంత అని అడిగే ముందు షెడ్డులో స్టాండ్లు ఉన్నాయా అని అడగండి. బండి ఇచ్చిన సాహెబులారా! "జల్దీ కానీయ్" అని మీరు తొందర పెట్టినప్పుడు తగ్గేది ఆ కుర్రాడి హిఫాజతే.

ఆ రోజు కుర్రాడు బయటికి వచ్చేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. ఉస్తాద్ నన్ను పిరికివాడన్నాడు. అననీ. జనాజాలో మొదటి సఫ్‌లో నిలబడి ఏడ్చే ఉస్తాద్ మనకు వద్దు. ఆ ముందురోజే రెండు స్టాండ్లు కొనే ఉస్తాద్ కావాలి.

అల్లాహ్ మన పిల్లల జాన్‌ను కాపాడుగాక. ఆమీన్. దువా చేయండి, స్టాండు కూడా పెట్టండి.