మోగిన ప్రతి గంటా వార్త కాదు

మన చిన్నప్పుడు వార్తలకి ఒక వేళ ఉండేది. పొద్దున్నే రేడియోలో ప్రాంతీయ వార్తలు, ఆ తర్వాత వాకిట్లో పడే పేపరు. చివరి పేజీ దాకా చదివేస్తే లోకం సంగతి ఆ రోజుకి అయిపోయినట్టే. అంతెందుకు, 1930 ఏప్రిల్ 18న బీబీసీ రేడియో వాళ్లు వార్తల వేళకి ‘ఈరోజు వార్తలేమీ లేవు’ అని చెప్పి, పియానో వినిపించి ఊరుకున్నారు. ఇప్పుడు ఏ ఛానలైనా ఆ మాట అనగలదా?

పరాయి దేశంలో ఉన్న మనకి ఈ బెడద రెండింతలు. ఇక్కడ ఈస్ట్ కోస్ట్‌లో వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి హైదరాబాదులో పొద్దున్న ఏడు. ఇక్కడి వార్తలు సద్దుమణిగే వేళకి అక్కడివి నిద్ర లేస్తాయి. పోనీ తెరిచి చూస్తే ఏముంటుంది? ‘షాకింగ్’ అని ఎర్రటి అక్షరాలు, నోరెళ్లబెట్టిన బొమ్మ, పది నిమిషాల నస, ఆఖరికి విషయం సున్నా. దీనికి తోడు ఇప్పుడు యంత్రం రాసే వార్తలు, యంత్రం గీసే బొమ్మలు. ఇంగ్లీషులో ఈ సరుకుని ‘స్లాప్’ అంటున్నారు. మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు 2025కి ఆ ఏటి మాటగా దాన్నే ఎంచుకుంది. స్లాప్ అంటే పందులకి పోసే కుడితి. మనమేమో ఆ కుడితిలో పడ్డ ఎలుకలం!

సాఫ్ట్‌వేరు మనిషిని కనక కొంచెం లోపలి సంగతి చెబుతాను. పూర్వం పేజీ అయిపోతే ‘తర్వాతి పేజీ’ అని నొక్కాల్సి వచ్చేది. ‘ఇక చాల్లే’ అనుకోవడానికి అక్కడ ఒక్క క్షణం దొరికేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనరు ఆ అడ్డు తీసేసే పద్ధతి తయారుచేశాడు. కిందికి జరిపినకొద్దీ కొత్తది వస్తూనే ఉంటుంది. అలా ఎందుకు చేశానా అని తర్వాత ఆయనే బాధపడ్డాడు. మనం ఎంతసేపు చూస్తే అన్ని ప్రకటనలు, అంత ఆదాయం. వార్త నిజమా కాదా అన్నది ఆ లెక్కలోకి రాదు.

మా ఉద్యోగాల్లో ‘ఆన్‌కాల్’ అని ఒక డ్యూటీ ఉంటుంది. సర్వరుకి ఏదైనా అయితే అర్ధరాత్రి మన ఫోను మోగుతుంది. ప్రతి చిన్నదానికీ మోగేట్టు పెడితే నాలుగు రోజులకి ఎవరూ పట్టించుకోరు. ‘నాన్నా పులి’ కథే! నిజంగా సర్వరు పడిపోయిన రాత్రి ఆ గంట కూడా గుంపులో గోవిందా. అందుకే మాకో నియమం: గంట మోగిందంటే ఎవరో ఒకరు లేచి చెయ్యాల్సిన పని ఉండాలి. లేదంటే ఆ గంట తీసెయ్యాలి.

ఇంట్లో ఈ నియమం పెట్టించింది మా అమ్మాయి. భోజనాల దగ్గర నా ఫోను మోగితే “ఏమైంది నాన్నా?” అంది. చూస్తే ఎవరో హీరో కొత్త కారు కొన్నాడట. “అయితే ఇప్పుడు మనమేం చెయ్యాలి?” అంది. ఏం చెబుతాం!

వార్తలే వద్దనడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, సింగ్‌నగర్‌లో అయినవాళ్లున్న కుటుంబాలకి ప్రతి కబురూ కావలసిందే. ఫోన్లు చెయ్యాలి, డబ్బు పంపాలి, మనుషుల్ని పురమాయించాలి. కానీ ఆ కబురూ, హీరోగారి కారూ ఒకే గంటతో వస్తాయి. గంటలతో విసిగి మనం ఫోను పక్కన పడేసిన పూటే ఆ కబురు రావచ్చు. నా భయమల్లా అదే.

ఇప్పుడు మా ఇంట్లో వార్తల గంటలన్నీ బంద్. రోజుకి ఒక్కసారి, సాయంత్రం అరగంట, మేమే వెళ్లి చదువుకుంటాం. రాత్రిళ్లు మోగే హక్కు ఊళ్లో ఉన్న అమ్మ ఫోనుకీ, అత్తగారి ఫోనుకీ మాత్రమే.

పిల్లలూ, ఈ సెలవుల్లో మీకో పని. అమ్మానాన్నల ఫోను మోగినప్పుడల్లా “ఇప్పుడు మనమేం చెయ్యాలి?” అని అడగండి. ఎన్నిసార్లు జవాబు వచ్చిందో లెక్క రాసుకోండి. ఆ లెక్క చూశాక ఏ గంటలు ఉంచాలో పెద్దవాళ్లే తేల్చుకుంటారు.