ఉభయకుశలోపరి: అంతర్యుద్ధకాలపు సైనికలేఖలు

తెలుగున ఉత్తరము వ్రాయువారు మొదట 'ఉభయకుశలోపరి' అనుట పూర్వాచారము. ఇచటివారును అచటివారును క్షేమమని చెప్పుకొనిన పిమ్మటనే విషయము ప్రారంభమగును. అంతర్యుద్ధమునకు పోయిన సైనికుడు ఇంటికి వ్రాయునపుడు ఈ వాడుకమాట మోయు బరువును మనము తగినంతగా విచారింపలేదు. కవిపండితుల లేఖలను సంపుటములుగా ప్రకటించుకొంటిమి. సిపాయి ఉత్తరమును సాహిత్యము కాదనియు, శాసనము కాదనియు విడిచితిమి. ఈ ఉపేక్ష ఇక సాగరాదని నా మనవి.

ఇట్టి విచారణకు అండమాను దీవులు తగిన చోటు. 1857లో కంపెనీ సైన్యము తనలో తాను చీలి పోరాడెను. మరుసటి సంవత్సరము మార్చిలో తొలి ఖైదీల ఓడ ఇచటికి చేరెను; అటుపిమ్మట తిరుగుబాటు సిపాయిలు అనేకులు ఈ దీవులకు పంపబడిరి. ఆ కాలమున ఉత్తరదేశమున సిపాయిని 'తిలంగా' అని పిలిచెడివారు. తొలినాళ్లలో తెలుగుసీమనుండి సిపాయిలను చేర్చుకొనుటచే ఏర్పడిన పేరది. సైనికునకు పేరిచ్చిన జాతి సైనికుని మాటను మాత్రము దాచుకొనలేదు. తరువాత 1906లో పూర్తియైన సెల్యులర్ జైలునందు రాజకీయఖైదీకి ఇంటికి ఏడాదికొక ఉత్తరము వ్రాయుటయే గగనమయ్యెను.

తక్కిన దేశములవారు ఇట్టి లేఖలనుండి శాస్త్రమును పెంపొందించుకొనిరి. మొదటి ప్రపంచయుద్ధమున వియన్నాలో లేఖాపరీక్షకుడుగా పనిచేసిన లియో స్పిట్జర్, ఇటలీ యుద్ధఖైదీలు తమ ఆకలిని ఇంటివారికి తెలుపుటకు ఎన్నెన్ని డొంకతిరుగుడు మాటలు కల్పించిరో సేకరించి 1920లో గ్రంథము ప్రకటించెను. అధికారి కన్నుగప్పుటకు పుట్టిన మాటలు అర్థపరిణామమునకు సాక్ష్యములయ్యెను. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధమున అంతగా చదువుకొనని సైనికులు చెవికి వినబడినట్లు వ్రాసిన ఉత్తరములను అచటి పండితులు వేలకొలది సేకరించి, వానినుండి ప్రాంతీయోచ్చారణలను గుర్తించుచున్నారు. వర్ణక్రమదోషమే వారికి పెన్నిధి.

మనకు దగ్గరి ఉదాహరణము శ్రీలంక అంతర్యుద్ధము. 1987 జులై ఒప్పందమును అనుసరించి అచటికి పోయిన భారత శాంతిదళము 1990 మార్చిలో తిరిగివచ్చెను. దాదాపు 1,200 మంది భారతసైనికులు మరల ఇల్లు చేరలేదు. తెలుగునాటనుండి సైన్యమున చేరినవారి కుటుంబములకు ఆ రోజులలో ఉత్తరమే ఆధారము.

ఆ ఉత్తరపు వ్యాకరణమును గమనింపుడు. సైనికుని చిరునామాలో ఊరిపేరుండదు. పేరు, సంఖ్య, దళము, '56 ఏ.పి.ఓ.' లేక '99 ఏ.పి.ఓ.' అను గుర్తు మాత్రమే. కాబట్టి 'ఇక్కడ' అను పదమునకు స్థలము లేదు. చదువువారే దానికొక స్థలమును ఊహించుకొనవలెను. 'ఇక్కడ అంతా క్షేమము' అను వాక్యము సమాచారము కాదు, ఓదార్పు. ఇక 'ఉభయ' యను మాట: అంతర్యుద్ధమున రెండవ పక్షమువాడు పరాయివాడని చెప్పుట కష్టము. యాళ్పాణము వారు మాటాడిన తమిళమే శాంతిదళమునందలి తమిళసైనికుల ఇండ్లలోను మాటాడబడెను. ఆ యుద్ధమున ఉభయుల కుశలమును కోరుట ఎంత కష్టమో ఆలోచింపుడు.

మరియొక చిక్కు మన ఆచారమునుండియే వచ్చినది. శుభలేఖకు నాలుగు మూలల పసుపు పూయుదుము. మరణవార్త తెచ్చిన ఉత్తరమును చదివి వెంటనే చించివేయుదుము, ఇంట నుంచము. అందుచేత ట్రంకుపెట్టెలలో మిగిలినవి తరచుగా క్షేమవార్తలే. పరిశోధకుడు ఉన్న లేఖలనే కాక లేని లేఖనుగూడ లెక్కింపవలెను.

ఇందుకు రెండు ఆక్షేపణలు రావచ్చును. అల్పాక్షరాస్యుల వ్రాతలో భాషాసౌష్ఠవము లేదని మొదటిది. శ్రీకాకుళపు సైనికుడు 'చూడు' అనుటకు 'సూడు' అని వ్రాసిన, అది తప్పు కాదు, కళింగాంధ్రపు ఉచ్చారణకు సాక్ష్యము. ఇవి ఇంటిగుట్టు, బయటపెట్టరాదని రెండవది. ఇది న్యాయమైన మాట. కుటుంబము అనుమతి లేనిదే ఒక పంక్తియు ప్రకటింపరాదు, పేర్లు తొలగింపవలెను, మూలప్రతిని ఇంటివారికే ఇచ్చివేయవలెను. కాని గుట్టు పేరిట చెదలకు అప్పగించుట గౌరవము కాదు.

ఒక హెచ్చరికయు కలదు. మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సుకు పోయిన భారతసైనికుల ఉత్తరములను పరీక్షకులు ఆంగ్లమున సంగ్రహించిరి. ఆ అనువాదములు నేడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున ఉన్నవి. మూలములు చాలవరకు దొరకవు. విషయము బ్రతికినది, భాష పోయినది. మనము అనువదించి దాచిన చాలదు. అక్షరము అక్షరముగా, దిద్దక, దాచవలెను. చెప్పినదెవరో వ్రాసినదెవరో కూడ నమోదు చేయవలెను; చదువురాని తల్లి మాటను పోస్టుమానో బడిపంతులో వ్రాసిపెట్టిన ఉత్తరములు మనకు కొల్లలు.

పని ఎచట మొదలుపెట్టవలెను? రెండు ప్రపంచయుద్ధములకు సైనికులనిచ్చిన పశ్చిమగోదావరి మాధవరమున, శ్రీకాకుళ విజయనగర గ్రామములలో, ఈ దీవులలో. 2011 జనగణన ప్రకారము ఇచట పదిమందిలో ఒకరికి పైగా మాతృభాష తెలుగు. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరునందలి గోల్ ఘర్ వంటి పేటలలో, సముద్రము దాటి వచ్చిన ఉత్తరముల విలువ ఎరిగిన పెద్దలు నేటికిని కలరు. అంచెలవారీగా ఛాయాచిత్రములు తీయుటకు ఇద్దరు విద్యార్థులును ఒక వేసవియు చాలును. వానకు తడిసిన ఇంకు మరియొక వానవరకు ఆగదు. శాఖలు ఈ ఏడే పూనుకొనుట మంచిది.