ఆ పాటలను మత్తు రాయలేదు



రాక్ సంగీతాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. గిటారు ఎవరి ప్రాణమూ తీయదు. కానీ ఆ సంగీతం చుట్టూ అల్లుకున్న ఒక అబద్ధం యాభై ఏళ్లకు పైగా యువత ప్రాణాలతో ఆడుకుంటోంది. మత్తు లేనిదే సృజన లేదనీ, త్వరగా రాలిపోవడమే గొప్ప కళాకారుడి లక్షణమనీ చెప్పే అబద్ధమది. వైద్యుడిగా దానిని ఖండించడం నా బాధ్యత.

జిమీ హెండ్రిక్స్ 1970 సెప్టెంబరు 18న లండన్‌లో మరణించాడు. పదహారు రోజుల తర్వాత హాలీవుడ్‌లో హెరాయిన్ మోతాదు మించి జానిస్ జాప్లిన్ మరణించింది. మరుసటి జులైలో పారిస్‌లో జిమ్ మారిసన్ కన్నుమూశాడు. అతనికి శవపరీక్ష కూడా జరగలేదు. ముగ్గురికీ 27 ఏళ్లే. లోకం ఈ విషాదానికి పెట్టిన పేరు ‘27 క్లబ్’! క్లబ్ అంటే చేరాలని ఆశపడే చోటు కదా? అకాల మరణానికి సభ్యత్వ గౌరవం కట్టబెట్టడం కంటే దారుణం ఏముంటుంది?

పోస్టర్లు చూపించని దృశ్యం ఒకటుంది. నిద్రమాత్రల మత్తులో ఉన్న హెండ్రిక్స్, తన వాంతి తన ఊపిరితిత్తులలోకే పోయి మరణించాడు. 1980లో లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ విపరీతంగా వోడ్కా తాగి, నిద్రలో అదే విధంగా పోయాడు. వయసు 32. మద్యం, నిద్రమాత్రలు, హెరాయిన్ మెదడులో శ్వాసను నడిపించే కేంద్రాన్ని మందగింపజేస్తాయి. గొంతులో ఏదైనా అడ్డుపడితే దగ్గి బయటకు నెట్టే సహజ రక్షణ కూడా నశిస్తుంది. ఇందులో వీరత్వం ఎక్కడ? తిరుగుబాటు ఎక్కడ?

“మత్తులోనే కదా అంత గొప్ప పాటలు పుట్టాయి?” అని మీ పిల్లలు వాదించవచ్చు. వారికి ఎరిక్ క్లాప్టన్ కథ చెప్పండి. హెరాయిన్‌కూ, ఆ పైన మద్యానికీ బానిసైన ఆయన 1987లో మద్యం మానేశాడు. 1991లో నాలుగేళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. అంతటి శోకంలోనూ మత్తును తాకకుండా, ఆ బిడ్డ కోసం ‘టియర్స్ ఇన్ హెవెన్’ పాటను లోకానికి ఇచ్చాడు. 1998లో ఆంటిగ్వా ద్వీపంలో వ్యసన చికిత్సా కేంద్రం స్థాపించాడు. హెండ్రిక్స్ 27 ఏళ్లలో సాధించినది అతని ప్రతిభ ఫలం, అహోరాత్రాల సాధన ఫలం. మత్తు అతనికి ఇచ్చినదేమీ లేదు. రావలసిన పాటలను మాత్రం మనకు దక్కకుండా చేసింది.

సీసా చేతబట్టిన నాయకుడికి మన సినిమా హాళ్లలో ఈలలు వేస్తున్నప్పుడు, అదే అబద్ధానికి మనమూ చప్పట్లు కొడుతున్నామని గుర్తించండి.

చివరిగా ఒక మాట. మత్తులో స్పృహ తప్పినవారిని “పడుకుంటే దిగిపోతుందిలే” అని వదిలి వెళ్లకండి. వెల్లకిలా ఉంచవద్దు, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేవరకు పక్కనే ఉండి శ్వాసను గమనించండి. వ్యసనం నుంచి బయటపడాలనుకునేవారికి జాతీయ సహాయవాణి 14446 ఉంది. పిల్లలను పాట విననివ్వండి. ఆ పాటగాడు ఎలా చనిపోయాడో మాత్రం దాచకుండా చెప్పండి.