ఉపాధ్యాయుని వంతు

మన బాలబాలికలు పరీక్షలకొఱకు "ఫలానిదానిని కనిపెట్టినవారెవరు?" అను ప్రశ్నలకు జవాబులను కంఠస్థము చేయుదురు. పేరు తెలిసినచో విషయమంతయు తెలిసినట్లే యని వారి నమ్మకము. దోషము వారిది కాదు. అట్టి ప్రశ్నలు వేయు మాదే. కనిపెట్టిన దానికి తగిన నామముంచి, దానిని తరువాతివారికి బోధించినవారిని గూర్చి మేము సాధారణముగా అడుగము. జ్ఞానాభివృద్ధిలో ఉపాధ్యాయుని వంతు ఎంతటిదో, ఆ వంతులోని భారమెంతటిదో, ఒక శరీరశాస్త్రాచార్యుని చరిత్రమువలన తెలుపగోరెదను.

పూర్వము శస్త్రచికిత్స యనిన నరకయాతనయే. బలవంతులు రోగిని అదిమి పట్టుకొనియుండగా వైద్యుడు త్వరత్వరగా కోయవలసి యుండెను. 1846 అక్టోబరు 16 వ తేదీని అమెరికాలోని బోస్టను నగరమున, మాసచూసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, విలియం మోర్టన్ అను దంతవైద్యుడు ఒక రోగిచేత ఈథరు ఆవిరిని పీల్పించెను. జాన్ కాలిన్స్ వారెన్ అను వృద్ధ శస్త్రవైద్యుడు ఆ రోగి మెడమీది కంతిని కోసెను. రోగి బాధతో కేకలు వేయలేదు. చూచినవారు ఆశ్చర్యపడిరి.

ఇందొక విషయమును గమనింపుడు. జార్జియా రాష్ట్రమున క్రాఫర్డ్ లాంగ్ అను వైద్యుడు 1842 లోనే ఈథరును ఇట్లు వాడెను. కాని 1849 వఱకు దానిని ప్రకటింపలేదు. మోర్టన్ తన మందునకు రంగును సువాసనను చేర్చి, "లీథియాన్" అని పేరిడి, అది ఈథరే యని తెలియకుండ దాచజూచెను. ఒకరు మౌనము వహించిరి, ఒకరు మఱుగుపఱచిరి. జ్ఞానము దీపము వంటిది; కుండక్రింద నున్నంతకాలము ఇంటికి వెలుగు లేదు.

ఆ నవంబరు 21 వ తేదీని ఆలివర్ వెండెల్ హోమ్స్ అను వైద్యుడు మోర్టన్‌కు ఒక లేఖ వ్రాసి, ఈ క్రొత్త స్థితిని "అనస్థీషియా" యనవచ్చునని సూచించెను. ఇది గ్రీకు పదము. మన "అనంతము", "అనర్థము" అను మాటలలోని "అన్" వంటిదే దీని మొదటి భాగము. తక్కిన భాగమునకు ఇంద్రియజ్ఞానమని అర్థము. హోమ్స్ దీనిని క్రొత్తగా పుట్టింపలేదు. పూర్వమున్న పదమునే తగిన స్థానమున నిలిపెను. అది సకలజాతుల నాలుకలమీద నిలువబోవునది గనుక పండితుల నడిగి నిర్ణయింపుమని కూడ హెచ్చరించెను. సరియైన మాటకొఱకు శ్రమపడుట ఉపాధ్యాయుని మొదటి పని గదా!

మఱుసటి యేట వారెన్ పీఠమును విడువగా, హార్వర్డు వైద్యకళాశాలలో హోమ్స్ శరీరనిర్మాణశాస్త్రాచార్యుడయ్యెను. 1882 వఱకు, అనగా 35 సంవత్సరములు, ఆ పని చేసెను. ఉదయమునుండి వరుసగా ఉపన్యాసములు విని విద్యార్థులు సొమ్మసిల్లు వేళకు, మధ్యాహ్నము ఒంటిగంటకు, ఆయన పాఠము. అలసినవారిని మేల్కొల్పి వినిపింపగలవాడు ఆయనయే యని ఆ గంట ఆయనకిచ్చిరట. ఎముకలను నరములను ఇంటిలోని వస్తువులతో పోల్చి నవ్వించుచు నేర్పెను. సూక్ష్మదర్శినిని విద్యార్థుల చేతికిచ్చెను.

ఆయన ధైర్యమునకు వేఱొక నిదర్శనము కలదు. బాలింతలను చంపు సూతికాజ్వరమును ఒకరినుండి మఱియొకరికి చేర్చువారు వైద్యులును మంత్రసానులునే యని 1843 లో వ్రాసెను. అట్టి శవమును పరీక్షించిన వైద్యుడు చక్కగా కడుగుకొని, బట్టలన్నియు మార్చుకొని, ఒక దినమైనను గడువనిదే కాన్పునకు పోరాదనెను. ఫిలడెల్ఫియాలోని ఇరువురు పేరుగల ఆచార్యులు ఆక్షేపించి, తమ శిష్యులకు దీనికి విరుద్ధముగా బోధించిరి. హోమ్స్ 1855 లో ఆ వ్యాసమును మరల ముద్రింపించెను. పెద్దల మాటచే పిన్నలు త్రోవ తప్పినచో తల్లులు మరణింతురని ఆయన భయము.

ఇంతవఱకు మెచ్చుకొంటిని. ఇక మెచ్చుకొనలేనిది కూడ చెప్పవలెను. హోమ్స్ డీనుగా నున్న 1850 లో మార్టిన్ డిలేని, డేనియల్ లెయింగ్, ఐజాక్ స్నోడెన్ అను ముగ్గురు నీగ్రజాతి యువకులు ఆ కళాశాలలో చేర్చుకొనబడిరి. హారియట్ హంట్ అను స్త్రీకి కూడ అనుమతి లభించెను. కొందఱు విద్యార్థులు ఆగ్రహించి అభ్యంతరపత్రములు వ్రాసిరి. అధ్యాపకులు లొంగిరి. హంట్ వెనుదీయవలసి వచ్చెను. ఆ యువకులకు శీతకాలపు తరగతులు ముగిసినపిమ్మట స్థానము లేకపోయెను. గొప్ప ఆచార్యులను ధిక్కరించిన హోమ్స్, తన తరగతిలోని పిల్లల కోపమునెదుట నిలువలేకపోయెను. శరీరమును కోసి చూచినవానికి లోపల భేదము లేదని తెలియదా? తెలియును. తెలిసినదానిని ఆచరించుటయే కష్టము.

కావున నా అభిప్రాయమిది. ఉపాధ్యాయుని వంతు మూడు విధములు: సరియైన మాట చెప్పుట, సత్యమును దాచకుండుట, తలుపు తెఱచియుంచుట. హోమ్స్ మొదటి రెంటిని నెరవేర్చెను, మూడవదానిలో తప్పిపోయెను. విద్యార్థులారా, ఆ తలుపు మూయించినవారు మీవంటి విద్యార్థులే యని మఱువకుడు. తల్లిదండ్రులారా, మీ బిడ్డప్రక్కన ఏ బిడ్డ కూర్చుండెనో యని విచారించుటకు ముందు ఆ ముగ్గురిని తలంచుకొనుడు. మా ఉపాధ్యాయులకు వేఱుగ చెప్పనక్కరలేదు; గంట మ్రోగినప్పుడు గుమ్మమున నిలుచువారము మేమే.